కత్తి ఆగిన రోజు

పోయిన నెల మా ఆడపడుచుకు నాంపల్లిలో మోకాలి ఆపరేషన్ జరిగింది. నర్సమ్మ వచ్చి ఏ కాలమ్మా అని అడిగి, ఎడమ కాలి మీద ఇంకుతో బాణం గుర్తు వేసింది. కాసేపటికి మత్తు డాక్టరూ, ఆ తర్వాత సర్జనూ అదే అడిగేసరికి ఆవిడ విసుక్కుంది గానీ, పక్కన నిలబడ్డ నాకు కళ్ళు చెమర్చాయి.

నర్సు చదువు పూర్తికాగానే నేను ఆబిడ్స్‌లో, గన్‌ఫౌండ్రీ వైపు తిరిగే చోట ఉండే ఒక చిన్న ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్లో చేరాను. మా పెద్ద డాక్టరుగారి హస్తవాసి గురించి సుల్తాన్ బజార్ దాకా చెప్పుకునేవారు. ఆయన లోపలికి వస్తుంటే మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళం. కావలసిన పనిముట్టు సమయానికి కనబడక స్టోరు గదికి పరుగులు తీసినా, ఇలా ఎందుకు జరుగుతోందని నోరెత్తేవాళ్ళం కాదు.

ఒకనాడు ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసే హమాలీ ఒకతన్ని, గజ్జలో హెర్నియా ఆపరేషనుకని బల్ల మీద పడుకోబెట్టాం. పడుకుంటే హెర్నియా వాపు లోపలికి పోతుంది గనక చూసి పోల్చుకునే వీలు లేదు. నడుముకు సూది వేసి కింది భాగం మాత్రమే మొద్దుబార్చారు, మనిషి మెలకువగానే ఉన్నాడు. డాక్టరుగారు కత్తి అందుకుని, అలవాటు ప్రకారం, భయమేస్తోందా అని అడిగారు.

"భయం గాదు సారూ, ఒక్క మాట. వాపు ఎడమ దిక్కున్నది, మీరు కుడి దిక్కు మందు పూసిన్రు. గట్లనే కోస్తరా?"

డాక్టరుగారు కత్తిని పళ్ళెంలో పెట్టేశారు. కేసు కాగితం తెప్పించి చూశారు, అందులో ఎడమ అనే ఉంది. మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా అని అడిగితే, "పెద్ద సారుకు తెల్వదా అని ఊకున్న" అన్నాడతను.

ఎడమవైపు ఆపరేషన్ చక్కగా జరిగింది. అది ముగిశాక డాక్టరుగారు ఆయాతో సహా మమ్మల్నందరినీ పిలిచారు.

"ఇవాళ తప్పు చెయ్యబోయింది నేనే. రేపట్నుంచి కత్తి పెట్టేముందు అందరం ఒక్కసారి ఆగుదాం. ఎవరికి అనుమానం వచ్చినా నన్ను ఆపండి."

అంతటి మనిషి మా ముందు తల వంచి ఆ మాట అంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన పనితనానికి ఎన్నోసార్లు అబ్బురపడ్డాను గానీ, ఆ రోజు పడ్డంత ఎన్నడూ పడలేదు.

మర్నాటి నుంచి రోగి నోటితోనే చెప్పించి గుర్తు పెట్టడం, పనిముట్లన్నీ ముందే సర్ది చూసుకోవడం, రక్తం అద్దే గుడ్డలు లోపల మిగలకుండా లెక్క సరిపోయాకే కుట్లు వెయ్యడం మాకు అలవాటైంది. ఆగితే ఆలస్యమవుతుందని గొణుక్కున్న మేమే, పరుగులు తగ్గి పని ముందుగా తెమిలిపోతుంటే ఆశ్చర్యపోయాం.

ఇప్పుడు ఆ ఆసుపత్రి లేదు, ఆ డాక్టరుగారూ లేరు. ఈనాటి నర్సు పిల్లలు ఎంత పెద్ద సర్జనునైనా జంకకుండా 'ఒక్క నిమిషం సార్' అంటారు, ఆ సర్జన్లూ ఆగుతారు. మా కాలంలో ఆ చిన్న మాట ఎంతమంది గొంతుల్లో ఆగిపోయిందో, ఆ బల్లల మీద పడుకున్నవాళ్ళు ఏమయ్యారో తలుచుకుంటే మాత్రం గుండె బరువెక్కుతుంది.