గింజ పలికిన కాలు

ఇది ఒక మహావీరుడి గాథ. కాదులెండి, గుంటూరు ఆసుపత్రిలో నా పక్క మంచం బాబాయి సంగతి. నేను బైకు మీంచి పడి భుజం విరగ్గొట్టుకుని గొప్పగా పడుకుంటే, ఆయన ట్రాక్టరు కింద కాలు పెట్టి వచ్చి నా పరువు తీశాడు.

పొదిలి వైపు మిరప రైతు. మిరపకాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజ గలగలమనాలి, అప్పుడే ఎండినట్టు. ఆ అలవాటుకొద్దీ మాత్రల డబ్బా, నా బిస్కెట్ ప్యాకెట్టు, ఏది దొరికినా ఆడించి వినేవాడు.

ఆయన మోకాలి కింద ఎముక కొంత పోయింది. ఆ ఖాళీలో డాక్టరు పింగాణీ లాంటి ముక్క పెట్టాడు.

"దీన్ని పట్టుకుని మీ ఎముకే పెరగాలి. అప్పటిదాకా కాలు కింద మోపొద్దు."

"కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయండీ."

"కాలు ముఖ్యమా, కాయలు ముఖ్యమా?"

జవాబు వినకుండానే డాక్టరు వెళ్లిపోయాడు. ఆయనకే మంచిది.

ఒకరోజు పొద్దున్నే కాలు అటూ ఇటూ కదిపిన బాబాయి మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్, లోపల టకటకమంటోందిరా. ఎండింది!"

"అది మిరపకాయ కాదు బాబాయ్. ఉండు, డాక్టర్ని పిలుస్తా."

"గింజ పలికాక డాక్టరెందుకురా?" అని లేచి నిలబడ్డాడు.

అది ముక్క వదులైన చప్పుడట. ఆయన బరువుకి పూర్తిగా విరిగింది. లోపల చీము పట్టింది. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు.

తర్వాత బిస్కెట్ ప్యాకెట్టు నేనే ఆయన చేతిలో పెట్టాను. ఆడించలేదు. విప్పలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

కల్లంలో కాయలు బాగానే ఎండాయి. ఆయన తమ్ముడు బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీలో వేయించాడు.