కంచాలు చూసే పెద్దమ్మ

మొన్న సోమవారం బూర్గంపాడు నుంచి ఫోన్ వచ్చింది. మా ఆడపిల్లల హాస్టల్లో వండిపెట్టిన పెద్దమ్మ పోయింది. పొద్దున టీ తాగి, మంచం మీద ఒరిగి, అలాగే వెళ్లిపోయిందట. బాధపడలేదని విన్నాక నాకు ఊపిరాడింది.

అక్కడ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మేం కంచాలు కడిగే కుళాయి దగ్గర నిలబడి, ఎవరెంత వదిలేశారో చూసేది. "మొఖాలు అబద్ధమాడ్తయ్. కంచాలకు చాతగాదు" అనేది.

తొమ్మిదో తరగతిలో నేను వరసగా నాలుగు రోజులు అన్నం పారబోశాను. నిద్ర లేదు, ఎవరితోనూ మాట లేదు. గాలి సోకిందన్నారు కొందరు. ఇంటికి పంపేద్దామంది వార్డెన్ మేడమ్.

"రెండు రోజులు నా కాడ ఉండనియ్యుండ్రి మేడమ్" అని పెద్దమ్మ నన్ను వంటింట్లో చింతపండు గింజలు తీయడానికి కూర్చోబెట్టుకుంది. ఏమీ అడగలేదు. రెండో రోజు నేనే చెప్పాను.

మాకు బోలెడు భూమి ఉందని కొత్తగూడెం పిల్లల దగ్గర కోతలు కోశాను. నేను అన్నం మానడానికి ముందటి ఆదివారం మా అయ్య చినిగిన అంగీతో, సీతాఫలాల మూటతో వచ్చాడు. "ఎవరే?" అన్నారు వాళ్లు. "మా పాలేరు" అన్నాను. అయ్య విన్నాడు. "అవ్ బిడ్డా, వాళ్లయ్య పంపిండు" అని వాళ్ల చేతికి మూట ఇచ్చి వెళ్లిపోయాడు.

"తప్పే" అంది పెద్దమ్మ. "అయితే ఏంది, చస్తవా?"

"చావాలనే ఉంది పెద్దమ్మా."

ఆమె చేతులు ఆగిపోయాయి. "గా మాట మనసులనే దాచుకోకు. ఎప్పుడొచ్చినా నాకు చెప్పు. నిద్రల ఉన్నా లేపు." ఆ రోజు నుంచి తన పక్కనే పడుకోబెట్టుకుంది. మర్నాడు దవాఖానాకు తీసుకెళ్లి డాక్టరమ్మతో మాట్లాడించింది. అయ్యకు కబురు పంపింది.

ఆదివారం అయ్య అదే అంగీతో వచ్చాడు. పెద్దమ్మ నన్ను వెనక నుంచి కొత్తగూడెం పిల్లల ముందుకు తోసింది.

"ఈన మా అయ్య. పాలేరని అబద్ధం చెప్పిన."

"అయితే మీకు పాలేరు లేడానే?"

"మేమే ఒకళ్ల పొలానికి పోతం."

"ఓసి కోతల రాణీ!" అని పిల్లలు విరగబడి నవ్వారు. అయ్యా నవ్వాడు. "గీ అంగి జూస్తే నన్ను నేనే పాలేరనుకుంట తియ్ బిడ్డా."

నాకు ఆకలేసింది. అయ్య పక్కన కూర్చుని రెండుసార్లు పెట్టించుకున్నాను. పెద్దమ్మ నా కంచం వైపు చూడనే లేదు. వంటింటి గుమ్మంలో రెండో వాయి అన్నానికి గంజి వారుస్తోంది. ఆ ఆవిరిలో ఆమె గాజుల చేయి తప్ప ఇంకేమీ కనబడలేదు.