పైపును తాకని సెన్సర్

సన్నా స్వార్ట్‌బోయ్ పడుచు వయసంతా దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ నది ఒడ్డు ద్రాక్షతోటల్లో కోతకే పోయింది. ముప్పై దాటాక పట్టుబట్టి చదువుకుని, అద్దాలతో ఎండను పట్టి ఉప్పు కరిగించే కరెంటు ప్లాంటులో సెన్సర్లు పరీక్షించే పనిలో చేరింది.

కరిగిన ఉప్పు చల్లటి పైపులోకి వెళ్తే, వేడి రెండు వందల నలభైకి తగ్గగానే గడ్డకడుతుంది. వెనక తోసుకొచ్చే సలసలా కాగే ఉప్పు వాల్వు దగ్గర, తిప్పేవాడి మీద చిమ్ముతుంది. అందుకే ముందు హీటర్ తీగలతో పైపును కాలుస్తారు. కాలిందో లేదో సెన్సరే చెప్పాలి.

ఆ శుక్రవారం కంట్రోల్ బోర్డు మూడు వందల డిగ్రీలు చూపించింది. ఇంత త్వరగానా అని సన్నాకు నమ్మకం కుదరలేదు. వేడి పోకుండా పైపు చుట్టూ కట్టిన జాకెట్ విప్పింది. సెన్సర్ పైపును తాకడమే లేదు! స్టీలు పట్టీతో హీటర్ తీగకే బిగించారు. తన మీటరు పైపుకు ఆనిస్తే నూట డెబ్బై. పక్కవీ విప్పింది. అన్నీ అంతే. పరీక్ష త్వరగా పాసవ్వాలని కాంట్రాక్టరు చేసిన మోసం అది.

“బోర్డు పచ్చగా ఉందిగా, నీకేంటి నొప్పి?” అన్నాడు సూపర్‌వైజర్ మోస్టర్ట్.

“కాలింది మీ తీగ సార్, పైపు కాదు. రేపు వాల్వు తిప్పేది మన కుర్రాడు యాపీ.”

“రేపు ప్రారంభానికి మంత్రి వస్తున్నాడు. పనివాళ్ళందరి విందుకు గొర్రెలు కూడా కోశాం. సోమవారం సరిచేద్దాంలే.”

“సోమవారానికి యాపీకి మొహం ఉంటుందా?”

అందరూ ఊమ్, అంటే బాబాయ్, అని పిలిచే యూనియన్ నాయకుడు ఊమ్ ఫ్లిప్ ఆమెను పక్కకు లాగాడు. మొన్నటిదాకా కూలీల తరఫున గేటు ముందు పిడికిలెత్తిన పెద్దమనిషి. “అమ్మాయ్, ప్లాంటు ఆగితే పోయేది మన ఉద్యోగాలే. చూసీ చూడనట్టుండు.” మేనేజరు ఇచ్చిన ఎండుమాంసం నములుతూనే చెప్పాడు.

సన్నా పట్టీలు తెంపి, సెన్సర్లను పైపుకు బిగించింది. బోర్డు ఎర్రబడింది. ఉప్పు వదల్లేదు. మంత్రి రాలేదు. గొర్రెమాంసం మేనేజర్ల ఇళ్ళకు వెళ్ళిపోయింది. పైపులు నిజంగా కాలడానికి ఆదివారం దాకా పట్టింది.

సోమవారం సన్నాను అద్దాలు తుడిచే పనికి మార్చారు. మీటరు మళ్ళీ ఆమె చేతికి రాలేదు. మోస్టర్ట్‌ను ఎవరూ ఒక్క మాటా అడగలేదు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో యాపీయే ముందు అరిచాడు, ఒక్క బొబ్బైనా లేని మొహంతో.

“ఆంటీ! మా గొర్రెమాంసమంతా నీ సెన్సరే తినేసిందట గదా!”

అందరూ పగలబడి నవ్వారు.

“తినేసింది నాయనా. నీ మూతి మాత్రం వదిలేసింది,” అంది సన్నా.

యాపీ చెంచా గాల్లోనే ఆగింది. ఊమ్ ఫ్లిప్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.