చప్పుడు మానేసిన బండి

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కన ఏ పాత మోటార్ సైకిలో టిక్కు టిక్కుమంటుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. అందరూ ఆ చప్పుడుకి మొహం చిట్లిస్తారు. నాకేమో చప్పుడు లేకుండా మెత్తగా పోయే పాత బండిని చూస్తేనే గుండె దడ. ఈ తిక్క భయం నాకు అంటించింది సత్తెమ్మత్త.

లాలాగూడలో ఆవిడ మేడ మీద రెండు గదుల్లో నేనూ, మా అన్న శ్రీనూ అద్దెకుండేవాళ్లం. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. విజయనగరం నుంచి వస్తూ అన్న నాన్న పాత బండిని రైల్లో వేయించుకుని తెచ్చాడు. దాని మీదే మాదాపూర్ ఆఫీసుకి వెళ్లేవాడు. అత్త భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. చివర్లో ఆయన చేతులు వణుకుతుంటే ఆయన చెబుతూ, ఈవిడ చేస్తూ, బండి పని ఈవిడకి అబ్బింది. నోరు పెద్దది. మేడ మీద మేం ఏం వండుకున్నామో కింద నుంచే అడిగేది.

ఆ బండీ టిక్కు టిక్కుమనేది. ఆ చప్పుడంటే అన్నకి నామోషీ. ఒకరోజు రోడ్డు పక్క మెకానిక్ చేత ఇంజనులో వాల్వుల్ని తోసే టాపెట్లు బిగించేయించి, పట్టులా నడుస్తోందని మురిసిపోతూ వచ్చాడు. అత్త గుమ్మంలో నిలబడి ఆ బండినే చూసింది. మొహం పాలిపోయింది. మర్నాడు ఇంజను చల్లగా ఉన్నప్పుడే నన్ను పిలిచి, పైమూత విప్పి, పల్చటి ఉక్కురేకు నా చేతికిచ్చింది. టాపెట్‌కీ వాల్వుకీ మధ్య అది దూరాలట. నూనె పెట్టిన జడలో దువ్వెన పోయినట్టు, కాస్త పట్టి వదలాలట. ఎంత తోసినా నా రేకు దూరలేదు.

"సప్పుడు జేసే బండికి భయపడకు బిడ్డా. అది మొత్తుకుంటది, మనకు తెలుస్తది. గిట్ల సందు లేకుంటే వేడికి ఇనుము ఉబ్బి వాల్వు సక్కగ మూసుకోదు. సప్పుడు జెయ్యకుంట లోపల్లోపలనే కాలిపోతది," అంది.

సందు సరిచేసింది. బండి మళ్లీ టిక్కుమంది. అన్న విసుక్కున్నాడు. అన్న దేనికైనా విసుక్కునేవాడు. నీళ్లు రాలేదని, నా పప్పులో ఉప్పు చాలలేదని, ట్రాఫిక్ అని ఇల్లు పీకి పందిరేసేవాడు.

తర్వాత కొన్నాళ్లకి అన్న ఉద్యోగం పోయింది. మొదట్లో వాళ్లనీ వీళ్లనీ తిట్టాడు. ఆ పైన తిట్టడం మానేశాడు. ఏం పెట్టినా తినేవాడు. ఎలా ఉన్నావంటే నవ్వి, బాగానే ఉన్నానే అనేవాడు. హమ్మయ్య, కుదుటపడ్డాడని నేను పొంగిపోయాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూరలు పట్టుకుని మెట్లెక్కబోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"మీ అన్న సప్పుడు జేస్తలేడు ఏంది?"

ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడత్తా, అన్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు.

"మీ మామ ఏండ్ల సంది కడుపునొప్పి అని మొత్తుకున్నడు. ఆఖరి నెల ఒక్కసారి సుత అనలే. తగ్గిందనుకున్న నేను."

కూరలు మెట్ల మీదే పడేశాను. పైకి పరుగెత్తాను. పట్టపగలు, తలుపు లోపల గడియ. పిలిస్తే పలకడు. తలుపు బాదడం మొదలుపెట్టాను. అత్త రొప్పుతూ వచ్చి, నన్ను పక్కకి జరిపి, ఏమీ ఎరగనట్టు తలుపు తట్టింది.

"శ్రీనూ, బండి విప్పుతున్న. నా కండ్లు ఆనుతలేవు. జెర కిందికి రా బిడ్డా."

లోపల చిన్న చప్పుడు కూడా లేదు. దేవుళ్లందరికీ మొక్కేశాను. అత్త మళ్లీ అదే మాట, అదే గొంతుతో అంది. అలా ఎన్నిసార్లందో. చివరికి గడియ కదిలింది. అన్న బయటికొచ్చాడు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాడు, కళ్లు ఎక్కడో ఉన్నాయి. అత్త ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లి, బండి ముందు కూర్చోబెట్టి, పానా చేతిలో పెట్టింది.

మొదట పానా జారిపోయింది. తీసి మళ్లీ పెట్టాడు. నట్టు కదల్లేదు. మళ్లీ, మళ్లీ. ఉన్నట్టుండి పానా విసిరికొట్టాడు.

"ఏటత్తా ఇది? ఏ యెదవ బిగించీసేడు దీన్ని?"

బిగించింది అత్తే. అయినా అన్న ఆగలేదు. నట్టుని తిట్టాడు, మెకానిక్‌ని తిట్టాడు, ఆఫీసుని, ఈ ఊరిని, ఎండని, నన్ను తిట్టాడు. తిడుతూ తిడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్త అతని వీపు నిమురుతూ నా వైపు తిరిగింది.

"ఏడువనీ. ఇగ భయం లేదు," అంది. ఆ సాయంత్రమే అన్నని డాక్టరు దగ్గరికి తనే వెంటబెట్టుకుని వెళ్లింది.

అత్త పోయి చాన్నాళ్లయింది. ఆ ఉక్కురేకు నా దగ్గరే ఉంది. అన్న ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటాడు. ఫోన్‌లో అంతా బాగానే ఉందే అని చటుక్కున పెట్టేశాడంటే, నేను అప్పటికప్పుడు చెప్పులేసుకుని బయల్దేరతాను. నిన్న మాత్రం ట్యాంకర్ రాలేదని, వదిన చారు చప్పగా చేసిందని, నేను అసలు ఫోనే చెయ్యనని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా, అలాగే వింటూ కూర్చున్నాను.