మధ్యాహ్నం నా వంతు

బళ్లారి గాంధీనగర్‌లో పెద్ద ఇళ్ల వెనక ఒక సందు ఉంది. దాని చివర ఒకే కప్పు కింద వరసగా నాలుగు గదులు. మొదటిది నాది, చివరిది ఒంటరిగా ఉండే ఒక ముసలాయనది. మధ్యలో రెండు కుటుంబాలు ఉండేవి. నా భర్త పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ నుంచి కత్తిరించిన గుడ్డల మూటలు ఇంటికి తెచ్చుకుని జేబులు కుట్టేదాన్ని. ఇప్పటికీ అదే పని. పొద్దున మిషన్ ముందు కూర్చుంటే సాయంత్రానికి వేళ్లు నీలంగా మారతాయి. మిషన్ ఆగాక గదిలో పరుచుకునే నిశ్శబ్దమంటే నాకు భయం. పని అయిపోయినా చాలాసార్లు గుడ్డ పెట్టకుండానే ఉత్త మిషన్ తొక్కుతూ కూర్చున్నాను.

ఆ ముసలాయన తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చాలా ఏళ్లు వంట చేసినవాడు. కాంట్రాక్టరు కింద పని. డెబ్భై దాటాక మానేశాడు. భార్య ఎప్పుడో పోయింది. బండ్రి అనే ఊళ్లో అక్క కూతురు ఒకామె ఉంది, పొలం కూలికి పోతుంది. ఆయనకు నా అన్నవాళ్లు అంతే. ఇన్నేళ్లలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు చాలా తక్కువ. కొళాయి వచ్చిన రోజు నా తలుపు తట్టి, "నీళ్లు వచ్చినాయమ్మా" అనేవాడు. నేను, "సరేప్పా" అనేదాన్ని.

ఒక పొద్దున మాడు వాసన వచ్చింది. ఎవరో పాలు పొంగించుకున్నారనుకున్నాను. బయటికొస్తే ఆయన గది కిటికీలోంచి పొగ. తలుపుకు తాళం. పక్క గదామె, నేను కలిసి రాయితో తాళం పగలగొట్టాం. పొయ్యి మీద గిన్నె నల్లగా మాడిపోయి ఉంది, కింద మంట ఇంకా వెలుగుతోంది, కిటికీ గుడ్డ అంచు కమురుతోంది. పక్క గదామె ముక్కుకు కొంగు కట్టుకుని వెళ్లి సిలిండర్ కట్టేసింది.

మేమింకా దగ్గుతూ నిలబడి ఉండగానే ఉక్కు ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు ఆయన్ను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆ డ్రైవరు నా భర్తకు తెలిసినవాడు. బస్సును సందు మొదట్లో ఆపి వచ్చాడు.

"అక్కా, అప్ప డ్యూటీకి బయలుదేరినాడు. ఇది మూడో దినం. వద్దని చెప్తే రోజూ తిరిగి పోతాండె. ఈ పొద్దు ఏడుస్తాండాడు, అందుకే పిలుచుకొచ్చినా."

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఉన్నాడు. పొగ వైపు చూసి, "ఎవరింట్లోనమ్మా మాడతాండేది?" అని అడిగాడు. పక్క గదామె ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టింది.

గదుల యజమాని ముందు వీధిలోనే ఉంటాడు. పాత భూస్వాముల కుటుంబం, ఇప్పుడు లారీలు తిప్పుతున్నారు. మధ్యాహ్నానికి వచ్చాడు. అరవలేదు. మాడిన గిన్నెను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఈ వరసలో నాలుగు సిలిండర్లుండాయి. ఏమన్నా అయితే ఎవరమ్మా జవాబు చెప్పేది? నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పండి."

"యాడికి పోతాడప్పా?" అంది పక్క గదామె.

"అక్క కూతురుండాది కదా."

ఆ అక్క కూతురికి నేనే ఫోన్ చేశాను. విషయం వినగానే ఏడ్చేసింది. "ఒక రూములో ఆరుమందిమి ఉండామమ్మా. పొద్దన్నే పనికి పోతే చీకటి పడినాక వస్తాము. ఆయన్ను ఎవరు చూసుకుంటారు? లోపల పెట్టి తాళమేసి పోవల్లా నేను?" అంది.

ఆ వారమంతా నాకు బస్టాండులో కనిపించిన ఒక మనిషి గుర్తొస్తూ ఉన్నాడు. కొన్నేళ్ల కిందట జేబుల మూటలు ఇవ్వడానికి ఆ దారినే పోయేదాన్ని. మంచి బట్టలు, చేతిలో సంచి, ఎవరి కోసమో చూస్తున్నట్టు కూర్చునేవాడు. నెలలు గడిచేకొద్దీ బట్టలు మాసిపోయాయి, సంచి కనబడకుండా పోయింది. ఒకరోజు ఆయనా లేడు. అన్నాళ్లూ ఆయన ముందునుంచే నడిచి పోయాను. ఒక్కసారి కూడా ఆగి పలకరించలేదు.

మా వీధి ఆశా కార్యకర్త ఈ సంగతి విని ఆదివారం పది గంటలకు అందరినీ మా గదుల ముందు అరుగు దగ్గరికి పిలిచింది. యజమాని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. డ్రైవరుకు ఆ రోజు సెలవు, వచ్చాడు. ముసలాయన కూడా గోడకు ఆనుకుని, మేం ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు మర్యాదగా వింటున్నాడు.

"ఆస్పత్రిలో చూపించినా. మరుపు రోగం అంటాండారు," అంది ఆశా కార్యకర్త. "మందులకన్నా కనిపెట్టుకొని ఉండేవాళ్లు కావల్లంట. రెండు ఆశ్రమాల్లో అడిగినా, ఇప్పుడు జాగా లేదంటాండారు."

నేనేమీ ధైర్యస్తురాలిని కాదు. నలుగురిలో నోరు విప్పే అలవాటు లేదు. కానీ ఆ పూట నా మనసులో ఆయన లేడు, నేనే ఉన్నాను. రేపు నా పొయ్యి మీద గిన్నె మాడితే, ఈ కుర్చీలో కూర్చుని నా గురించి ఎవరు మాట్లాడతారు అనుకున్నాను.

"గ్యాస్ తీసేస్తే ఉండనిస్తారాప్పా?" అని అడిగాను.

యజమాని నా వైపు తిరిగాడు. "తీసేస్తే అన్నం ఎవరు పెడతారమ్మా?"

"మధ్యాహ్నం నేను పెడతా."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్క గదామె వెంటనే, "పొద్దున టిఫినుకు బొరుగుల ఉగ్గాణి నేను చేస్తే ఆయనకూ ఇంత పెట్టేది ఏమంత పెద్ద పని?" అంది. డ్రైవరు బస్‌స్టాపు దగ్గర తాను చూసుకుంటానన్నాడు. యజమాని కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "రాత్రికి మా ఇంట్లోనుంచి చపాతీ పంపిస్తా. మూడు నెలలు చూస్తాము. మళ్లా ఏమన్నా అయితే నన్ను అడగొద్దండి," అన్నాడు.

అలా మొదలైంది. సిలిండర్ యజమాని ఇంటికి పోయింది. తెల్లవారగానే ఆయన చొక్కా తొడుక్కుని స్టాపుకు పోయేవాడు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అప్పా, ఈ పొద్దు నీకు ఆఫు. తెలీదా?" అనేవాడు. సెలవు దొరికినవాడికి ఎంత సంతోషమో అంత సంతోషంతో ఆయన వెనక్కి వచ్చేవాడు. రోజూ అదే మాట, రోజూ అదే సంతోషం.

కష్టమంతా మధ్యాహ్నమే. నేను అన్నం తీసుకుని పోతే ఆయన పళ్లెం వైపు చూడకుండా గది మూల చూపించి, "పొయ్యి యాడికి పోయిండాది?" అని అడిగేవాడు. రిపేరుకు ఇచ్చామని చెప్పేదాన్ని. తల ఊపి తినేవాడు. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. జీవితమంతా పొయ్యి ముందు నిలబడిన మనిషికి రోజూ అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. ఒకరోజు, "రాప్పా, మా ఇంట్లో వంట చేద్దువు," అని పిలిచాను.

చేతులు కడుక్కుని వచ్చాడు. ఉల్లిగడ్డ చేతికి తీసుకోగానే ఆ వేళ్లకు మరుపు లేదు. కత్తి అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. పప్పు డబ్బా మూత తీసి నన్ను అడిగాడు.

"ఎంతమందికమ్మా?"

"ఇద్దరికప్పా."

ఆయన నవ్వాడు. "ఇద్దరికి ఎట్ల చేస్తారు? నాకు రాదే."

నేనూ నవ్వాను. ఒక్కదానికి వండుకోవడం ఎనిమిదేళ్లయినా నాకూ రాలేదు. ఆ రోజు పప్పు వీధి మొత్తానికి సరిపోయేంత అయింది. అన్ని గదులకూ పంచాం. ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆయన మా ఇంట్లోనే గడిపేవాడు. నేను పక్కనే నిలబడేదాన్ని. మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు. నా పేరు ఆయనకు ఏ రోజూ గుర్తులేదు. అయినా పదకొండు దాటితే మిషన్ మీద చెయ్యి ఆగిపోయేది, తలుపు వైపు చూసేదాన్ని.

అన్నీ సవ్యంగా సాగలేదు. వానాకాలంలో డ్రైవరుకు షిఫ్టు మారింది. కొత్త డ్రైవరుకు చెప్పడం అందరం మరిచాం. ఆ పొద్దున ఆయన బస్సెక్కి తోరణగల్లు పోయాడు. మధ్యాహ్నం గది ఖాళీగా కనబడేసరికి సందు మొదటిదాకా పరుగెత్తాను. అందరం తలా ఒక దిక్కు వెతికాం. చివరికి క్యాంటీన్ నుంచి ఎవరో పాత మనిషి ఫోన్ చేశాడు. యజమాని తన జీపులో పోయి తీసుకొచ్చాడు. ఇక గది ఖాళీ చేయమంటాడనే అనుకున్నాం.

ఆయన్ను దింపి యజమాని మా ముందు నిలబడ్డాడు. "క్యాంటీను వెనక కూచోని ఉల్లిగడ్డలు ఒలుస్తాండాడమ్మా. వాళ్లే ఇచ్చినారంట. ఎంత చక్కగా ఒలుస్తాండాడో," అన్నాడు. ఖాళీ మాట ఎత్తలేదు. మూడు నెలల గడువు మాట కూడా తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఏడాది దాటింది. చలికాలంలో ఆయనకు జ్వరం పట్టుకుంది. ఆశా కార్యకర్త రెండుసార్లు ఆస్పత్రికి తీసుకుపోయింది. మూడోసారి డాక్టరు ఇంటికే తీసుకుపొమ్మన్నాడు. ఒక పదిన్నర వేళ, ఎండ గుమ్మం దాకా వచ్చినప్పుడు, ఆయన తన మంచం మీదనే పోయాడు. నేను చెంచాతో నీళ్లు పోస్తున్నాను. మింగలేదు. పక్క గదామె కాళ్ల దగ్గర కూర్చుంది.

ఆయన్ను అక్క కూతురి ఊరికి తీసుకుపోవడానికి యజమాని టెంపో ఇచ్చాడు. బండ్రికి నేనూ పోయాను. అక్క కూతురు నన్ను పట్టుకుని ఏడ్చింది, ఆ తర్వాత ఆమెకు తన పనులున్నాయి. ఆ ఊరి ఆడవాళ్లలో ఒకామె నా దగ్గరికి వచ్చి, "మీరు ఆయనకు ఏమైతారు?" అని అడిగింది. చెప్పడానికి నా దగ్గర వరస లేదు. "పక్కన ఉండేదాన్ని," అన్నాను. ఆమె సరేనని దగ్గరి చుట్టాలకు జాగా ఇమ్మంది. నేను జరిగి వెనక నిలబడ్డాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బళ్లారి దాకా ఏమీ ఆలోచించకుండా వచ్చాను.

చివరి గదిలోకి కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. పక్క గదామె కుటుంబం హొసపేటకు మారిపోయింది. డ్రైవరు కనిపిస్తే చెయ్యి ఊపుతాడు. ఆ రోజు అరుగు దగ్గర చేరినవాళ్లం మళ్లీ ఒకచోట కూర్చోలేదు. కూర్చోవడానికి కారణం లేదు. పదకొండు దాటాక నేను మిషన్ ఆపకుండా కుట్టడం మళ్లీ అలవాటు చేసుకున్నాను.

కొన్ని నెలలకు ఆశా కార్యకర్త వచ్చింది. "అక్కా, మధ్యాహ్నం మీకు పురుసొత్తు ఉంటాదా? వెనక సందులో ఒక పెద్దామె ఉండాది. ఒక్కతే. తలుపే తీయదు. ఇంటి ఓనర్లు ఖాళీ చేయిస్తామంటాండారు."

మొదటి రోజు పోతే ఆమె తలుపు సందులోంచి, "ఎవరు?" అంది. చెప్పాను. "నాకేమీ వద్దు. పో," అంది. పోలేదు. అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఆమె కూడా తలుపుకు ఆనుకుని కూర్చున్నట్టు గాజుల చప్పుడు బట్టి తెలిసింది. పావుగంట అలాగే ఉన్నాం. "రేపు రావద్దు," అంది లోపలినుంచి.

మర్నాడు పోయాను. ఆ మర్నాడూ పోయాను. ఇప్పుడు తలుపు తీస్తోంది. గిన్నె తీసుకుంటుంది, నిన్నటి గిన్నె కడిగి ఇస్తుంది. లోపలికి రమ్మని మాత్రం ఇంకా అనలేదు.