మోతీరాం బండికి పొగ వచ్చిన రోజు

మా తండాలో జీపు ఉన్నది మోతీరాం ఒక్కడికే. బాన్సువాడ సంతకైనా, దవాఖానకైనా, పెళ్లికైనా ఆ డీజిల్ బండే మాకు దిక్కు. మనిషి మంచివాడు, కాదన్నవాళ్ల కళ్లు పోతాయి. ఏ వేళ పిలిచినా విసుక్కోకుండా వచ్చేవాడు. నోరే మంచిది కాదు. రోడ్డు మీద ఎవరి బండి పొగ వదిలినా అద్దం దించి మరీ, "బండి నడుపుతున్నవా, పొయ్యి అంటిచ్చినవా" అని తగులుకునేవాడు. తన బండి పొగ వదలదని అంత గర్వం.

అతని బామ్మర్ది దేవదాస్ కూలి చేసుకునే మనిషి. ఎక్కడికి వెళ్లినా బావ పక్క సీటు అతనిదే. "బావా, నీ బండికంటే నీ నోరే జోరుగ ఉరుకుతది" అనేవాడు. మోతీరాం పగలబడి నవ్వేవాడు. అలా అనే ధైర్యం మాలో ఇంకెవరికీ లేదు.

ఈ యేడు దేవదాస్ భార్య జ్యోతి నెలల తరబడి దవాఖానలో ఉండి, బతికి బయటపడింది. ఆమెను పోహ్రాదేవికి తీసుకొస్తానని దేవదాస్ మొక్కుకున్నాడు. మహారాష్ట్రలో ఎక్కడో దూరాన ఉన్న మా సేవాలాల్ మహరాజ్ గుడి అది. వరికోతలు అయిపోగానే ప్రయాణం కట్టాం. పోయేముందు నిప్పుల మీద నెయ్యీ బెల్లమూ వేసి భోగ్ పెట్టడం మా ఆచారం. దేవదాస్ కళ్లు మూసుకుని దండం పెడుతుండగా మోతీరాం బండి స్టార్ట్ చేసి గట్టిగా రేస్ చేశాడు. కాటుకలాంటి పొగ లేచింది. గాలికి తిరిగి భోగ్ మీదా, జ్యోతి కొత్త చీర మీదా పడింది. ఆమెకు దగ్గు ఆగలేదు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. మోతీరాం బండి దిగాడు.

"నిన్న బండి తీస్కపోయింది నువ్వే గదరా?" అని బామ్మర్దిని నిలదీశాడు.

"అవు బావా. వడ్ల సంచులు ఏసొచ్చిన. డీజిల్ గూడ పోయించిన."

"ఏం డీజిల్? కోతమిషనోళ్ల డ్రమ్ముల అడుగుది ఎత్కొచ్చి పోసినవా? సొంతంగ సైకిల్ గూడ లేనోనికి బండి ఇలువ ఏం తెలుస్తది. దొంగతనాలు జేసుకుంట మొక్కులొకటి."

జ్యోతి తల దించుకుంది. దేవదాస్ ఆమె చీర మీది మసి దులపసాగాడు. నాకు ఒళ్లు మండింది, కానీ ఏం చేస్తాం? బండి ఆయనది, గుడి దూరం.

బాన్సువాడ నుంచి మెకానిక్ సాయన్నను పిలిపించాం. ఆయన బానెట్ ఎత్తి, ఇంజనుకు గాలి పోయే గొట్టం మూతికి కట్టి ఉన్న గుడ్డను ఊడదీశాడు. దుమ్మూ పొట్టూ పట్టి అట్టకట్టింది.

"గాలాడకుంటే పొగ రాదా అన్న? గిదెవరు కట్టిండ్రు?"

మోతీరాం భార్య దేవ్లి ఆ గుడ్డ అందుకుని దులిపి చూసింది.

"గిది నా చీర పేలిక. కోతల పొట్టు ఇంజన్లకు పోతదని నువ్వే అడిగి తీస్కపోయి కడ్తివి గదా. యాది లేదా?" అంది మొగుణ్ణి.

మోతీరాంకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే తప్పయిందంటే సరిపోయేది. అంత పెద్ద నోరున్నవాడికి ఆ చిన్న మాట పెగల్లేదు చూడండి. "సరే సరే, ఎక్కుండ్రి, పొద్దెక్కుతుంది" అన్నాడు.

దేవదాస్ మాతోపాటు వెనక కూర్చున్నాడు. పక్క సీటు ఖాళీగానే బిచ్కుంద దాటింది, మద్నూరు దాటింది. మోతీరాం అద్దంలో వెనక్కి చూడడం, చూపు తిప్పుకోవడం. ఓ లారీ మా మీద పొగ చిమ్ముకుంటూ పోయినా ఏమీ అనలేదు.

దెగ్లూరులో చాయ్‌కి ఆగాం. మోతీరాం మొదటి గ్లాసు తనే పట్టుకుని దేవదాస్ దగ్గరకు వచ్చాడు.

"తప్పయింది రా," అన్నాడు కళ్లెత్తకుండానే. "సిగ్గుతోని సస్తున్న. ముందటికొచ్చి కూసో."

దేవదాస్ లేచి నిలబడి, రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు.

"మీరు పెద్దోళ్లు. మీ తప్పేముంటది," అన్నాడు మర్యాదగా. "యాడ కూసోమంటే ఆడ కూసుంట. బండి మీది."

చాయ్ తాగి, వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. పోహ్రాదేవి వచ్చేదాకా ఒక్కసారి కూడా బావా అని పిలవలేదు.