రెండూ ఉండనీ

వెంకటసుబ్రహ్మణ్యం గారికి నోరు తిరగని తెలుగు మాట ఒక్కటే ఉంది. అది "వద్దు". ఇదా, అదా అని ఎవరేం అడిగినా ఆయన జవాబు "రెండూ". బందరులో ఆయనకి త్రిపుర ప్రింటర్స్ అనే చిన్న ప్రెస్సుంది. ఆ పేరు బోర్డు మీద ఉండటానికే పనికొస్తుంది, "రెండూ గారి ప్రెస్సు" అంటే తప్ప ఆటోవాళ్ళు కదలరు.

ఆయన మేనకోడలు సుచిత్ర చిన్నప్పటి నుంచీ ఈ వైభవం చూస్తూనే పెరిగింది. మావయ్య గుడివాడలో వాళ్ళింటికి రైల్లో వచ్చి బస్సులో వెళ్ళేవారు. ఆయనకి కూతురు పుట్టినప్పుడు తల్లిగారు కృష్ణప్రియ అన్నారు, భార్య త్రిపురసుందరి సాహిత్య అంది. ఆయన రెండూ పెట్టేశారు. ఇంటిపేరుతో కలిపి రాసేసరికి హాల్‌టికెట్లో గళ్ళు చాలక, ఆ పిల్ల పదో తరగతి 'కృష్ణప్రియ సాహి'గా పాసైంది. బట్టల కొట్లో రెండో చీర మడతపెట్టి లోపల పెడుతుంటే ఆయన చూడలేరు. అందుకే అత్తయ్య బట్టల కొట్టుకి ఆయన్ని తప్ప ఇంకెవర్నీ తోడు తీసుకెళ్ళదు.

ప్రెస్సుకి ఒక పక్క సత్యానందం కాఫీ కొట్టు, ఇంకో పక్క దేవసహాయం టీ కొట్టు. రోజూ పదకొండింటికి రెండు గ్లాసులూ వస్తాయి. ఆయన ఇటో గుక్క, అటో గుక్క తాగుతారు. అలా తాగితే ఏ రుచీ తెలియదు కదా అని సుచిత్ర ఒకసారి అడిగింది.

"తెలిస్తే ఏది బావుందో చెప్పమంటారమ్మా," అన్నారాయన.

సుచిత్ర ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఓ రోజు మావయ్య ఫోన్ చేసి, ప్రెస్సు కంప్యూటర్‌కి జబ్బు చేసిందన్నారు. జబ్బేమిటంటే, ఇప్పుడు పెళ్ళివాళ్ళంతా శుభలేఖ మ్యాటర్ ఫోన్లోకి పంపమంటున్నారు. కంప్యూటర్లో ఉన్నదేమో పాత విండోస్, అందులోవి పాత ఫాంట్లు. అక్కడ ముత్యాల్లా ఉన్న అక్షరాలు ఫోన్లోకి వెళ్ళగానే కొమ్ములూ కొక్కేలూ అయిపోతున్నాయి. మేళతాళాలతో వేంచేయవలసినదిగా ప్రార్థిస్తే, అటువాళ్ళకి ఏదో తిట్టినట్టు కనిపిస్తోంది.

సుచిత్ర వచ్చి చూసి, పాతది తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టమ్ పెడతానంది. మావయ్య ముఖం పాలిపోయింది.

"తీసెయ్యడం ఎందుకే? రెండూ ఉండనీ."

ఆ మాట వస్తుందని ఆమెకి తెలుసు. ఈసారి విచిత్రమేమిటంటే, అది నిజంగానే కుదురుతుంది. డిస్కుని రెండు భాగాలు చేసి చెరో భాగంలో చెరో సిస్టమూ పెట్టుకోవచ్చు, ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో అదే అడుగుతుంది అని చెప్పింది. జీవితమంతా కుదరదు కుదరదు అని విన్న మనిషి, ఆ మాట విని కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయారు. వాటాలు పంచినట్టా, మధ్యలో గోడ ఉంటుందా, ఒకరి సామాను ఒకరికి కనిపిస్తుందా అని అడిగారు. కొత్తదానికి పాతదాని ఫైళ్ళు కనిపిస్తాయని, పాతదానికి మాత్రం పక్కన కొత్తదొకటి ఉన్నట్టే తెలియదని సుచిత్ర చెప్పింది.

"చెప్పకుండా చేస్తే రేపు తెలిసి బాధపడదూ?" అన్నారాయన.

ముందు ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఒక పెన్‌డ్రైవ్ చాలంటే ఆయన రెండు కొనుక్కొచ్చారు. కొత్తది ఎక్కించేటప్పుడు తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: పాతదాన్ని చెరిపెయ్యాలా, దాని పక్కన చోటివ్వాలా? ఆయన గబుక్కున మౌస్ మీద చెయ్యి అడ్డం పెట్టి, పక్కన, పక్కన అన్నారు.

పని పూర్తయ్యాక అసలు చిక్కు వచ్చింది. ఆన్ చెయ్యగానే రెండు పేర్లూ చూపించి, ఏదో ఒకటి ఎంచుకోమని పది సెకన్లు గడువిస్తుంది ఆ మిషను. ఆయన దాని ముందు దోషిలా నిలబడతారు. గడువు దాటి అదే కొత్తదాన్ని లేపుకుంటే, అయ్యో రెండోది అనుకుని, ఆపి మళ్ళీ ఆన్ చేసి పాతదాన్నీ ఒకసారి పలకరిస్తారు. చివరికి పెద్దది కాబట్టి పాతదే ముందు లేచేట్టు పెట్టమన్నారు. గడువు కూడా పెంచమన్నారు. సుచిత్ర నవ్వుకుంటూ పెట్టింది.

ఆ పని ముగించి లేస్తూ ఆమె ఒక మాట అంది. ప్రెస్సు పెట్టినప్పటి నుంచీ ఆపరేటరు ప్రభావతి గారే. బందరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో సగం ఆవిడ వేళ్ళ మీదుగా జరిగినవే. కానీ ఆవిడకి అలవాటైనది పాత కీబోర్డు. కొత్తదాంట్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వస్తుంది.

"ఆవిడకిది రాదు మావయ్యా. కొత్తమ్మాయినెవరినైనా పెట్టుకోండి."

వెనక ప్రూఫులు పట్టుకుని ప్రభావతి గారు నిలబడి ఉన్నారు. ప్రూఫులు బల్ల మీద పెట్టేసి వెళ్ళి తన సీట్లో కూర్చున్నారు.

పంతం పట్టారో ఏమో, ఆ మధ్యాహ్నమే ఆవిడ కొత్తదాంట్లో ఒక శుభలేఖ కొట్టారు. గూడూరు రత్తయ్య గారి అమ్మాయి శ్రీజ పెళ్ళిది. ప్రూఫు చూసుకోవడానికి రత్తయ్య గారే వచ్చారు. పైన పెద్దక్షరాలతో 'శుభలేక' అని ఉంది. ఒక్క హెచ్ తక్కువ కొట్టారంతే.

"శుభం లేక పెళ్ళెలా చెయ్యమంటారండీ?" అన్నారు రత్తయ్య గారు.

"అది నేను కొట్టానండీ. కొత్తగా నేర్చుకుంటున్నాను," అన్నారు వెంకటసుబ్రహ్మణ్యం గారు వెంటనే.

రత్తయ్య గారు వెళ్ళాక ప్రభావతి గారు క్యారేజీ సర్దుకున్నారు. రేపట్నుంచి రానన్నారు. సుచిత్రకి ప్రాణం చివుక్కుమంది. మావయ్య మాత్రం ఆవిడ వంక చూడనైనా చూడకుండా కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్క వేలితో వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టారు. 'రట్టయ్య' అని వచ్చింది. చెరిపి మళ్ళీ కొట్టారు. మళ్ళీ రట్టయ్యే. మూడో రట్టయ్యకి ప్రభావతి గారు క్యారేజీ కింద పెట్టారు.

"లేవండి బాబూ. పెద్ద టీ కాదు, చిన్న టీ కొట్టాలి. ఆయన చూస్తే ఈసారి కార్డు మన మొహానే కొడతారు."

నెల తర్వాత సుచిత్ర పొద్దున్న రైలుకి బందరు వచ్చింది. ప్రెస్సు షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి చూస్తే లోపల మావయ్య కొత్తదాంట్లో, పది వేళ్ళతో, కీబోర్డు వైపు చూడకుండా టపటపా కొట్టేస్తున్నారు. ఆయన వయసులో ఉండగా ఇంగ్లీషు టైపు హయ్యర్ పరీక్ష ఫస్ట్ క్లాసులో పాసయ్యారని అత్తయ్య ఎప్పుడో చెప్పిన సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఇంతలో వీధిలో ఆటో ఆగింది. ప్రభావతి గారు దిగుతున్నారు. ఆయన చటుక్కున కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేసి, పాతదాన్ని లేపి సిద్ధంగా ఉంచి లేచారు.

పదకొండింటిదాకా ఆవిడ పాతదాంట్లో పని చేసుకున్నారు. అప్పుడు ఆయన కొత్తది తెరిచి, ఒక్క వేలు గాల్లో తిప్పుతూ, 'జ్ఞ' ఎక్కడ చచ్చిందో చూడండి ప్రభావతి గారూ అన్నారు. ఆవిడ పంతులమ్మలా పక్కన నిలబడి చెప్పారు. ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు అని విసుక్కున్నారు కూడా.

సుచిత్ర ఆయన్ని బయటికి తీసుకొచ్చి, "మీకు శుభ్రంగా వచ్చు కదా మావయ్యా," అంది.

"నెమ్మదిగా అనవే," అన్నారాయన. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ రోజు నీ మిషనే అడిగిందిగా, పాతదాన్ని చెరిపెయ్యాలా, పక్కన చోటివ్వాలా అని. మిషను పాటి మర్యాద మనకుండొద్దూ?" అన్నారు.

సుచిత్రకి ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది. లోపలికొచ్చి ప్రభావతి గారి పని చూసింది. ఆవిడ కొత్తదాంట్లో ఒక శుభలేఖ కొట్టి, అప్పుడే ఫోన్లోకి పంపేస్తున్నారు. ఒక్క వత్తు తప్పలేదు.

"మీకు వచ్చేసిందిగా. ఇక పాతది తీసెయ్యనా అండీ?" అని అడిగింది.

ప్రభావతి గారు బయట నిలబడ్డ మనిషి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"ఇప్పుడే వద్దమ్మా. మీ మావయ్య గారికి ఇంకా వేళ్ళు తిరగట్లేదు. పాపం, పైకి చెప్పుకోలేరు. ఆయనకొచ్చేదాకా రెండూ ఉండనీ."

అప్పుడే సత్యానందం ఆ పక్క నుంచీ దేవసహాయం ఈ పక్క నుంచీ తలలు పెట్టి, అమ్మాయి గారికి ఏం తెమ్మంటారని అడిగారు. సుచిత్ర అలవాటు ప్రకారం కాఫీ అనబోయింది. గుమ్మంలో మావయ్య ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"రెండూ," అంది.